మైకు ఎవరి చేతిలో

పోయిన వేసవిలో ఓ ఆదివారం, ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల్ని నలభై మందిని మా జొన్నాడలో ఒకచోట చేర్చాం. కల్యాణ మండపం అద్దె, భోజనాల ఖర్చు ఓ శిక్షణ సంస్థ భరించింది. అడిగినవి రెండే: వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు, భోజనాలయ్యాక అరగంట మైకు. ఖర్చు గట్టెక్కింది కదా అని సరేనన్నాను. తప్పు నాదే.

అరగంట కాస్తా గంటన్నర అయింది. రాజోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన డిగ్రీ అమ్మాయి వెనక వరసలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మట్టం ఆ అంకెలకు చేరగానే లంక ఊళ్ల వాళ్ల ఫోన్లకు తెలుగులో కబురు పంపే ప్రోగ్రాం రాసుకొచ్చింది. గౌతమి గట్టు మీదున్న ఊరికి అంతకంటే పనికొచ్చే మాట ఏముంటుంది? "ఇంక నాది ఉండదాండీ?" అని అడిగి, చీకటి పడకముందే ఇల్లు చేరాలని లేచి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి కోర్సులు కొనమంటూ పిల్లలందరికీ ఒకటే ఫోన్లు.

స్పాన్సర్లు వద్దని నేననను. 2018లో, మళ్లీ 2023లో హైదరాబాద్‌లో జరిగిన ప్రోగ్రామర్ల సభ పైకాన్ ఇండియాకీ కంపెనీలు డబ్బిచ్చాయి. కానీ అక్కడ ప్రసంగాలకు ఎవరైనా ప్రతిపాదన పంపుకోవచ్చు, ఎంచేది వాలంటీర్లు. 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగిన డెబియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ల సభ డెబ్‌కాన్‌లో ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని దాతలకు వరసలున్నాయి. దారి ఖర్చులు పెట్టుకోలేని వాళ్లకు ప్రయాణం, బస, భోజనం సభవాళ్లే చూస్తారు. రాజోలు అమ్మాయికి బస్సు చార్జీలివ్వాలన్న ఆలోచన నాకు రానే లేదు.

మన తీర్థాల్లో చందా రాసినవారి పేరు మైకులో చదువుతాం, గుడి ఫ్యాను రెక్క మీద ఎర్ర రంగుతో రాయిస్తాం. అంతమాత్రాన అర్చకులు పూజ ఆపి దాతగారి కొట్లో సరుకు గురించి చెప్పరు.

వచ్చే నెల మళ్లీ కలుస్తున్నాం. ఈసారి బడిలో ఓ గది, ఇళ్ల నుంచి పులిహోర. ఓ కంపెనీ ముందుకొస్తే బ్యానరు మీద పేరు వేస్తామని, నంబర్లు మాత్రం ఇవ్వబోమని ముందే కాగితం మీద రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు. పొద్దున్న మొదటి గంట రాజోలు అమ్మాయికని రాసేసి, చార్జీలు పంపుతామమ్మా అని ఫోన్ చేశాను.

"మా లంకలోంచి ఇంకో ఇద్దర్ని తీసుకురావచ్చాండీ?" అంది.