పడుకోబెట్టిన ఇంజన్

పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌కి ఇంజన్ మార్పించాలనుకునే వాళ్ళు ముందు హార్స్‌పవర్ సంగతి ఎత్తుతారు. నేనైతే ముందు వ్యాన్ కిందికి దూరి, ఇంజన్ ఏ పక్కకి ఎంత ఒరిగి ఉందో చూడమంటాను. ఖర్చంతా ఆ ఒరుగులోనే తేలుతుంది.

1979లో వచ్చిన మూడో తరం వ్యాన్ ఇది. జర్మనీలో టీ3 అంటాం, అమెరికావాళ్ళకి వానగన్. ఇంజన్ వెనకాల ఫ్లోర్ కింద ఉంటుంది. మొదటి పెట్రోల్ ఇంజన్లు బల్లపరుపు రకం కాబట్టి అక్కడ హాయిగా ఇమిడాయి. 1981లో డీజిల్ పెట్టాలనుకున్నప్పుడు కంపెనీ కొత్త ఇంజన్ జోలికి పోలేదు. గోల్ఫ్ కారులో నిలబడి ఉండే 1.6 లీటర్ల ఇంజన్‌నే తెచ్చి, 50 డిగ్రీలు ఎడమకి వాల్చి బిగించింది. ఇంజన్ అంతలా ఒరిగితే లోపల ఆయిల్ కూడా ఒక మూలకే చేరుతుంది కదా! అందుకని ఆయిల్ చాంబర్, ఆయిల్ పీల్చే గొట్టం, డిప్‌స్టిక్, ఫౌండేషన్లు ఈ వ్యాన్ కోసమే విడిగా చేయించారు. ఆ పనితనానికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

బలానికి మాత్రం పెట్టను. 50 హార్స్‌పవర్‌తో ఒకటిన్నర టన్నుల బండి, అందులో మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు! ఆల్ప్స్ కనుమ ఎక్కేటప్పుడు సైకిళ్ళవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు. తర్వాత టర్బో తగిలించి 70 చేశారు. లాగుడు పెరిగింది, దాంతోపాటు హెడ్ పగుళ్ళూ పెరిగాయి.

మార్పిడికి నా లెక్కలో రెండే ఇంజన్లు. ఒకటి 75 హార్స్‌పవర్ 1.9 టర్బో డీజిల్. పంపు మెకానికల్, కంప్యూటర్ గొడవ లేదు. రెండోది తొంభైల నాటి 90 హార్స్‌పవర్ 1.9 టీడీఐ. 1900 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా లాగుతుంది, డీజిల్ తక్కువ తాగుతుంది. కాకపోతే వైరింగ్ అంతా దానితోపాటు తెచ్చుకోవాలి. రెండూ పాత డీజిల్ బ్లాక్ వంశమే, అందుకే 1.6 చాంబర్ వీటికి పడుతుంది. చాంబర్ దొరక్క ఇంజన్‌ని నిటారుగా బిగించిన బండ్లు చూశాను. ఫ్లోర్ కోసి గూడు లేపుతారు, ఇక ఆ మంచం మీద నడుం వాల్చినట్టే! అమెరికాలో చాలామంది సుబారు పెట్రోల్ ఇంజన్ పెడతారు. అది బల్లపరుపు రకం, ఫ్లోర్‌తో పేచీ లేదు. డీజిల్ మోత ఇష్టపడే నాబోటి వాడికి అది ఆనదు.

గేర్‌బాక్స్ కూడా చూసుకోవాలి. పాత డీజిల్ గేర్లు నీరసం ఇంజన్ కోసం చేసినవి. వాటితో టీడీఐ హైవే మీద ఊరికే అరుస్తుంది.

అన్నిటికన్నా ఓపిక పరీక్షించేది నీళ్ళు పట్టడం. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక, మధ్యలో బండి పొడవునా గొట్టాలు. గాలి చిక్కితే ఇంజన్ హీటెక్కుతుంది. ముక్కు వైపు జాకీ మీద లేపి, ఇంజన్ స్టార్ట్‌లో ఉంచి, రేడియేటర్ పైనున్న చిన్న స్క్రూ వదులు చేస్తారు. మొదట బుస్సుమని గాలి, తర్వాత నురగ, ఆ తర్వాత బుడగ లేని సన్నటి ధార. ఆ ధార చూసేదాకా ఏ మెకానిక్ స్క్రూ బిగించడు. పెట్రోల్ జీపులకీ అంబాసిడర్లకీ డీజిల్ ఇంజన్లు ఎక్కించిన మన ఆటోనగర్ మేస్త్రీలకి ఈ ఓపిక ఎవరూ నేర్పక్కర్లేదు.

మీ వ్యాన్‌లో పాత 1.6 చచ్చిపోయి ఉంటే ఒక్క మాట. బ్లాక్ పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చినా ఇవ్వండి గానీ, దాని ఆయిల్ చాంబర్, పీల్చే గొట్టం, ఫౌండేషన్లు, ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే బెల్ హౌసింగ్ మాత్రం ఇవ్వకండి. కొత్త ఇంజన్ దొరుకుతుంది, అవి అంత తేలిగ్గా దొరకవు.