జోడీ కోసం ఆగిన కాయ

పండబోయే కాయను ఆపుకోగలిగినవాడే నా దృష్టిలో పచ్చీసు ఆటలో మొనగాడు. చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల రచ్చకట్టల మీద అలాంటి పెద్దమనుషుల ఆట చూసినవాళ్లకు ఇంకే ఆటా ఆనదు.

చరిత్ర సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అక్బరు పాదుషా ఫతేపూర్ సిక్రీలో రాతి నేల మీద మనుషులనే కాయలుగా నడిపించాడని చెప్పుకుంటారు. మన ఊళ్లలో గుడ్డ మీదో, బండ మీదో గీసుకున్న నాలుగు చేతుల పటం, గుప్పెడు గవ్వలు చాలు.

అసలు గొప్పతనం జోడీలో ఉంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక పక్షం. ఒక్కొక్కరికి 4 కాయలు, మొత్తం 8 నడిమింట్లోకి చేరి పండితేనే గెలుపు. తొందరపడి తన నాలుగూ పండించుకున్నవాడు జోడీదారును ఒంటరిని చేసినట్టే. అవతలివాళ్లకు రెండు పందాలు పడేలోపు ఇవతల పడేది ఒక్కటే.

ఒకసారి ఓ పెద్దాయన ఆఖరి కాయ ఇంటి బాట మొదట్లో ఉంది. ఆయన జోడీదారు కాయేమో, ఎవరూ కొట్టలేని గుర్తు గడికి మూడు గళ్ల దూరంలో చిక్కుకుపోయింది. దాని వెనకే పగవాళ్ల కాయలు రెండు. పెద్దాయనకు పచ్చీసు, అంటే ఇరవై అయిదు పడింది. "పండించు కాకా!" అని చుట్టూ ఒకటే అరుపు. ఆయన కాయను ఇంట్లోకి తిప్పకుండా మరో చుట్టుకు పంపి, ఆ రెండింటి వెనక నిలిపాడు. కొట్టడానికి వచ్చినవాళ్లు తప్పించుకునే పనిలో పడ్డారు. మరుసటి పందానికి జోడీదారు కాయ గుర్తు గడిలో క్షేమం. ఒక్క మాట లేదు, కనుసైగ కూడా లేదు. ఇంతకు మించిన రాజనీతి ఏ దర్బారులో చూస్తాం?

రాజనీతి మీదే అమెరికాలో ఆలన్ కాల్హామర్ 1959లో 'డిప్లొమసీ' అనే ఆటను అమ్మకానికి తెచ్చాడు. ఏడు రాజ్యాలు, పాచికల్లేవు, అంతా మంతనాలే. గొప్ప ఆటే, కాదనను. కానీ అందులో పొత్తు ఎప్పుడు తెగుతుందా అన్నదే ఉత్కంఠ. పొత్తును చివరిదాకా మోయడం అంతకంటే కష్టమైన విద్య. నా ఓటు పచ్చీసుకే.

కడుపు మండేది ఇక్కడే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో లూడోగా పేటెంటు పొందిన పచ్చీసు నకలు గవ్వలు తీసేసి పాచిక పెట్టింది. ఇప్పుడదే ఫోన్లలోకి దూరింది. నలుగురు కుర్రాళ్లు ఒకే అరుగు మీద కూర్చుని ఎవరి ఫోన్లో వాళ్లు, ముఖం తెలియని మనిషితో ఆడుతున్నారు. ఎవరికి వారే, ముందు పండినవాడే రాజు! పచ్చీసు ప్రాణం తీసి, రంగులు మిగిల్చి, దాన్నే ఆట అంటే ఎలా ఒప్పుకోవాలి? ఊరి చుట్టూ ఫారంహౌసుల ప్రహరీలు లేచాయి, రచ్చకట్టలు ఖాళీ అయ్యాయి. మా పల్లెల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లను కొట్టేయకుండా కాపాడాలని జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు, వాళ్లకు దండం. ఆ నీడన పెరిగిన ఆటకు మాత్రం వకాల్తా పుచ్చుకునేవాడే లేడు.

సంక్రాంతికి ముగ్గుల పోటీలు, క్రికెట్ టోర్నమెంట్లు పెట్టే యువజన సంఘాలకు నా మనవి ఒక్కటే. ఈసారి పచ్చీసు పెట్టండి. జోడీకొక పెద్దాయన, ఒక కుర్రాడు. ఫోన్లు పక్కన పెట్టించండి. బహుమతి ఇద్దరి చేతుల్లోనే పెట్టండి.