గోడలు లేచాయి, గూడెం బడి ఏమైంది?

బడి కడతామంటే వద్దనేవాళ్లం కాదు మేము. స్థోమత ఉన్నోళ్లు పిల్లల్ని ఎప్పుడో ప్రైవేటు బస్సెక్కించారు. సర్కారు బడిలో మిగిలింది ఎక్కువగా దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలే. కాబట్టి ఆ బడి బాగోగులు అడిగే హక్కు అందరికంటే ముందు మనది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో ‘మన బడి నాడు–నేడు’ మొదలయింది. తొలి విడతలో 15,715 బడులు, సుమారు 3,669 కోట్ల రూపాయలు. మరుగుదొడ్లు, మంచినీళ్లు, బల్లలు, ఫ్యాన్లు, ప్రహరీ, రంగులు. ఇవన్నీ కావాల్సినవే. ముఖ్యంగా ఆడపిల్లలకు నీళ్లున్న మరుగుదొడ్డి చిన్న విషయం కాదు. కాంట్రాక్టరు చేతికి కాకుండా తల్లిదండ్రుల కమిటీ ఖాతాలోకి డబ్బు రావడం కూడా మెచ్చుకోదగ్గదే.

అయితే కమిటీకి దక్కిన అధికారం ఎంత? బల్లలు, ఫ్యాన్లు, రంగులు రాష్ట్రస్థాయి టెండర్లలో తేలాయి. కమిటీకి మిగిలింది పని చూసుకోవడం, సంతకం పెట్టడం. 2009 విద్యాహక్కు చట్టం కమిటీలో బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఉండాలంది. చోటు ఉండడం వేరు, మాట చెల్లడం వేరు. పొద్దున ఎవరి పొలంలో కూలికి పోవాలో, సాయంత్రం కమిటీలో వాళ్లనే లెక్కలడగాలంటే గూడెం తల్లికి నోరెలా వస్తుంది?

ఇక అసలు సంగతి. ఒక చేత్తో గదులు కడుతూనే, 2022 జూన్‌లో జీవో 117 ద్వారా 3, 4, 5 తరగతుల్ని దగ్గరి హైస్కూళ్లలో కలపడం మొదలుపెట్టారు. అట్లా కలిపిన చోట వాడ బడిలో మిగిలింది ఒకటి, రెండు తరగతులే. ఎనిమిదేళ్ల పిల్ల వాడ దాటి, రోడ్డు దాటి ఊళ్లోకి నడవాలి. కిలోమీటరు దూరాన్ని అధికారులు టేపుతో కొలుస్తారు. ఊరికీ వాడకీ మధ్య దూరాన్ని ఏ టేపుతో కొలుస్తారు? 2025లో ఆ జీవో రద్దయింది. కానీ మధ్యలో పోయిన చదువుకు లెక్క ఎవరు చెప్తారు?

కట్టిన మరుగుదొడ్డి ఎవరు కడగాలి? నెలకు 6,000 రూపాయలకు ఆయాల్ని పెట్టారు. ఆ పనికి ఏ కులం ఆడవాళ్లు వస్తారో ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. ఆ నిర్వహణకు డబ్బు కూడా అమ్మ ఒడి నుంచే కోశారు: 2021లో 1,000, 2022లో బడి నిర్వహణ కూడా కలిపి 2,000. ప్రభుత్వం మారాక 2025లో ‘తల్లికి వందనం’లోనూ 2,000 కోతే. సర్కారు ఆస్తికి మరమ్మతు తల్లి ఖాతాలోంచా? కట్టుబడికి బడ్జెట్ ఉండి, కడిగే మనిషికి లేకపోతే అది లోపం కాదు, కులం లెక్క.

హైదరాబాదులో 1910 నుంచి భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల బస్తీల్లోనే బడులు పెట్టారు. పిల్లలున్న చోటికి బడి పోవాలన్నది ఆయన చూపిన దారి. పథకాలు నడిపేవాళ్లు దాన్ని తిరగేశారు.

మా డిమాండ్లు మూడే. ఏ ఖర్చు ఊరి బడికో, ఏది వాడ బడికో విడివిడిగా లెక్క ప్రకటించాలి. వాడ తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకోకుండా ఏ తరగతినీ తరలించకూడదు. పారిశుద్ధ్య పనికి పర్మినెంట్ పోస్టు, పూర్తి జీతం ఇవ్వాలి. రంగులు వెలిసిపోయేలోగా ఈ మూడూ ప్రతి కమిటీ మీటింగులో అడుగుదాం.