2898: ఆ ఏడు తేల్చినవాళ్లకు దండం

2023 జులైలో శాన్ డియాగో కామిక్ కాన్‌లో ‘ప్రాజెక్ట్ కె’ సినిమా అసలు పేరు ‘కల్కి 2898 ఏడీ’ అని తేలిందో లేదో, గోపన్‌పల్లి తండా కూడలిలో చాయ్ బండ్ల దగ్గర వాదన మొదలైంది. 2898 ఎందుకు, 2900 పెట్టొచ్చుగా? నోటికొచ్చిన అంకె అని కొట్టిపారేసినవాళ్లే ఎక్కువ. పొద్దంతా ఆఫీసులో కోడ్ రాసి వచ్చిన ఒక కుర్రాడు మాత్రం బిల్లు కాగితం వెనక మూడు వరసల్లో తేల్చేశాడు.

కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102లో. మధ్యలో సున్నా సంవత్సరం లేదు కాబట్టి 3101 మాత్రమే కలపాలి. 2898కి 3101 కలిపితే గడిచినవి 5999 ఏళ్లు. ఆ ఉగాది నుంచి నడిచేది 6000వ ఏడు. ఎంత శుభ్రమైన పని! తొందరపడేవాడు 3102 కూడేసి ‘ఆరువేలు నిండాయి’ అంటాడు. నిండలేదు, నడుస్తోంది. ఆర్యభటుడు తన 23వ ఏటికి కలిలో 3600 ఏళ్లు గడిచాయన్నదీ ఈ లెక్కనే, అది క్రీ.శ. 499. 2024 ఫిబ్రవరిలో దర్శకుడు నాగ్ అశ్విన్ స్వయంగా కథ ఆరువేల ఏళ్ల మేర సాగుతుందని, 2898 నుంచి అంత వెనక్కి వెళితే కృష్ణావతారం ముగిసిన క్రీ.పూ. 3102కి చేరతామని చెప్పారు. మావాడి మూడు వరసలూ నిలబడ్డాయి.

మరి కురుక్షేత్రం నుంచి ఎందుకు లెక్కపెట్టకూడదు? పెట్టి చూసినవాళ్లున్నారు. యుద్ధమైన 36వ ఏట యాదవులు నశించారని మౌసలపర్వం. కోట వెంకటాచలం గారు అందుకే యుద్ధాన్ని క్రీ.పూ. 3138లో పెట్టారు. అక్కణ్నుంచి ఆరువేల ఏళ్లంటే 2863కే కథ అయిపోవాలి. అంకెను వెనక్కి నడిపించి అది ఏ గుమ్మం ముందు ఆగుతుందో చూడటం, ఇదీ ఈ విద్యలో కీలకం. ఇంకో మిత్రుడు ప్రభవాది అరవై పేర్లూ వేళ్ల మీద తిప్పి, 2898 ఉగాదికి వచ్చేది బహుధాన్య అని చెప్పాడు. 1998లో వచ్చిందే, పదిహేను చుట్లు తిరిగి.

సౌప్తికపర్వంలో అశ్వత్థామ శాపం మూడువేల ఏళ్లే కదా, సినిమాలో ఇతడింకా ఎలా తిరుగుతున్నాడు అని అడ్డుపడేవాళ్లంటే నాకు గౌరవం. కలియుగం 4,32,000 ఏళ్లయితే కల్కికి అప్పుడే తొందరేమిటి అనేవాళ్లన్నా అంతే. వాళ్లు పుస్తకం తెరిచి వచ్చారు.

నా మొగ్గు దాచుకోను: తెలుగు తెర మీద కాలాన్ని ఆడించడంలో గురువు సింగీతం శ్రీనివాసరావు గారే. 1991లో ‘ఆదిత్య 369’ కాలయంత్రాన్ని ఆయన 1526లో దించారు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు; వైభవమంతా చూపడానికి అంతకంటే మంచి చోటు ఏది? అక్కణ్నుంచి ఒక్క గెంతులో 2504. ‘కల్కి’కీ ఆయన మార్గదర్శిగా నిలిచారంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇంత చక్కటి విద్యను థంబ్‌నెయిల్ బేరగాళ్లు బజారుకీడ్చారు. ఎర్ర బాణం గీసి, నోరు తెరిచిన మొహం పెట్టి, ‘అసలు తేదీ దొరికేసింది’ అని పది నిమిషాలు ఊదరగొడతారు. లోపల ఒక్క కూడిక ఉండదు. ఇసుక కనిపిస్తే డ్యూన్, తుప్పుపట్టిన బండి కనిపిస్తే మ్యాడ్ మ్యాక్స్, అయిపోయింది వాళ్ల పరిశోధన. ఒకడు తప్పు అంకె వేస్తే వందమంది దాన్నే ఎత్తిపోస్తారు. ట్రైలర్‌ను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూసే పిల్లలు ఆ గోలలో వినబడకుండా పోతున్నారు. ఒళ్లు మండుతుంది.

పంచాంగం తెలిసిన పెద్దలారా, మీ ఇంటి కుర్రాళ్లకు గతకలి, అంటే కలిలో గడిచిన ఏళ్లు, చూడటం నేర్పండి. పని ఇంకా చాలా ఉంది. 2024 మే 31న వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ రెండు ఎపిసోడ్లే అయినా ఆ ఇద్దరూ ఎలా కలిశారో చెప్పే కథ, అంటే సినిమాకు ముందుది. ఎన్ని నెలలు ముందు, ఎన్నేళ్లు ముందు? కాశీలో భైరవ మోస్తున్న అప్పుల నుంచి మొదలుపెట్టవచ్చని నాకనిపిస్తుంది. ఎవరైనా పూనుకుంటే నేనూ కూర్చుంటాను.