దొరకని మాట, లేని మాట

ప్రొద్దుటూరులో జరిగిన ఒక గోష్ఠిలో ఒక మిత్రుడు, అల్లాహ్ ఋజుమార్గాన్ని 'నా మార్గం' అని ఖుర్ఆన్‌లో ఎక్కడా అనలేదని వాదించాడు. ఆధారం కంప్యూటరులో వెతికిన ఫలితం. వాదన తప్పు, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో పరిశీలించవలసి ఉన్నది.

శోధనయంత్రం గ్రంథాన్ని చదవదు. ఏ పదం ఎన్నవ స్థానంలో ఉన్నదో ముందే పట్టిక వేసుకుంటుంది. రెండు పదాలను కొటేషను గుర్తుల నడుమ ఇస్తే, అవి అదే రూపంలో, పక్కపక్క స్థానాలలో ఉన్నప్పుడే దొరికినట్లు లెక్క.

మిత్రుడు ఇచ్చిన జంట 'సిరాత్ ముస్తఖీమ్'. యాసీన్ సూరా 61వ ఆయతులో అది ఉన్నదున్నట్లుగా ఉంది. ఫాతిహాలో రెంటికీ 'అల్' చేరింది. ఫతహ్ 2లో విభక్తి మారి తుదిని అలిఫ్ వచ్చింది. అన్‌ఆమ్ సూరాలోనే అసలు చిక్కు. 126లో రెండు పదాల నడుమ 'రబ్బిక' నిలిచింది. 153లో మొదటి పదానికి 'నా' అనే అర్థమిచ్చే ప్రత్యయం అంటుకొని 'సిరాతీ' అయింది. నడుమ ఒక పదాన్ని సహించి, తుది అలిఫ్‌ను విడిచిపెట్టే యంత్రానికి 126 చిక్కుతుంది. 153 చిక్కాలంటే ప్రత్యయాన్ని విడదీసే వ్యాకరణం కావాలి. మిత్రుడు లేదన్నది సరిగ్గా ఆ ఆయతే! (లిపి సంగతి వేరు: మన హిందూస్తానీ ముద్రణలలో 'సిరాత్'కు నిండు అలిఫ్ ఉంటుంది, మదీనా ముద్రణలో అక్షరం మీద చిన్న అలిఫ్ మాత్రమే.)

ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ 1945లో కైరోలో వెలువరించిన పదసూచిక ధాతుక్రమంలో సాగుతుంది. 'సిరాత్' వచ్చిన 45 చోట్లూ అక్కడ ఒకే ధాతువు కింద కనిపిస్తాయి. వేలు పెట్టి చదువుకుంటూ పోయేవాడికి 'సిరాతీ' తప్పిపోదు.

తెలుగులో ఇబ్బంది మరో తీరుది. అరబీలోని రెండు పదాలు 'ఋజుమార్గం' అనే ఒక్క సమాసమవుతాయి. దానికి మళ్లీ 'లో', 'పై', 'వైపుకు' చేరతాయి. పదం ఎక్కడ ముగుస్తుందో ఖాళీ జాగాను బట్టి తేల్చడం మన భాషకు సహజం కాదు. ఎర్రగుంట్ల దగ్గరి కలమల్లలో రేనాటి చోళుడు ధనంజయుడు సుమారు 575లో వేయించిన శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తున్నారు. అందులో పదాల మధ్య ఎడం లేదు. ఎక్కడ విరవాలో చదివినవారే అర్థాన్ని బట్టి నిర్ణయించుకున్నారు.

మిత్రుడు ఆ తరువాత ఒక తెలుగు అనువాదంలోనూ వెతికాడు. మళ్లీ శూన్యమే. అతడు 'రుజు' అని కొట్టాడు. ఆ ప్రతిలో 'ఋజు' అని ఉంది.