"బానిసలు" అన్న మాట సరిపోతుందా?

హ్యూ టింకర్ 1974లో వెలువరించిన ఇంగ్లీషు గ్రంథం "ఎ న్యూ సిస్టమ్ ఆఫ్ స్లేవరీ"ని మేము ఈ మధ్య మళ్ళీ చదివాము. "కొత్త బానిసత్వ పద్ధతి" అని ఆ పేరుకు అర్థం. ఆ మాట టింకర్ కల్పించినది కాదు. 1840లో బ్రిటిషు మంత్రి లార్డ్ జాన్ రస్సెల్ కూలీల వలస గురించి వాడినదే. పాలకుని మాటనే పాలకులకు ఎదురు సాక్ష్యంగా నిలబెట్టినందుకు గ్రంథకర్తను మెచ్చుకోవలసిందే.

మన మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. అంతకు ముందు ఏడే చెరకు తోటలకు కూలీల ఓడలు రావడం మొదలయింది. కోరంగి రేవు నుండి వచ్చిన మనవారికి "కోరింగీలు" అని పేరు పడింది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. ఈ కష్టాన్ని టింకర్ తక్కువ చేయలేదు.

అయినా, "మనవాళ్ళు బానిసలా, గురువుగారూ?" అని తరగతిలో పిల్లలు అడిగితే మేము వెంటనే అవుననలేకపోయాము. బానిసను అమ్మారు, కొన్నారు. అతని బిడ్డ కూడా యజమాని ఆస్తే. మనవారిది గడువుగల ఒడంబడిక. ఆ తేడా చెరిపేస్తే, ఇక్కడ నిజంగా బానిసలుగా బ్రతికిన ఆఫ్రికా, మడగాస్కర్ ప్రజల దుఃఖాన్ని మనం మన ఖాతాలో వ్రాసుకున్నట్లవుతుంది.

మరొక సంగతి. ఒడంబడిక తీరినవారు కూడా ఫోటో అంటించిన చీటీ దగ్గర పెట్టుకుని తిరగాలని 1867లో చట్టం వచ్చింది. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిత్స్ సాయంతో 9,401 మంది అర్జీ పెట్టుకున్నారు. 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారించింది. గ్రంథం పేరు ఒక్కటే పట్టుకుంటే ఈ 9,401 మంది ధైర్యం మనకు కనబడదు.

టింకర్‌కు ముఖ్యాధారం ప్రభుత్వపు కాగితాలు. ఆ కాగితాలలో మన అవ్వల తెలుగు లేదు. గుమాస్తా వ్రాసుకున్న తండ్రి పేరే ఇంటిపేరయి, అసలు ఇంటిపేరు ఎన్నో కుటుంబాలలో మరుగున పడింది. సాయంకాలపు బడిలో తెలుగు నేర్చుకున్న మాకు ఈ లోటు బాగా తెలుసు.

కనుక పాఠకులకు మా మనవి: ఈ గ్రంథం చదవండి. పిల్లలను అప్రవాసీ ఘాట్‌కే కాదు, లె మోర్న్ కొండకు కూడా తీసుకువెళ్ళండి. ఇంట్లో పెద్దలు చెప్పే మాటలను, వారు చెప్పినట్లే తెలుగులో వ్రాసి ఉంచండి.