పది సెకన్ల టికెట్

"అన్నా, రెడిస్ పెట్టాల్నా, హేజల్‌కాస్ట్ పెట్టాల్నా?" లాగిన్ టికెట్లు దాచే క్యాష్ సాఫ్ట్‌వేర్ల గురించి వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కు పిల్లలు కనిపిస్తే అడిగేది ఇదే. 2020 జనవరిలో అక్కడ టెక్ మహీంద్రా, సయెంట్ ఆఫీసులు తెరిచాక ఇలాంటి మాటలు హన్మకొండ చాయ్ బండ్ల దగ్గర కూడా వినబడుతున్నాయి. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ టికెట్ పోతే మీ కొంప మునుగుతుంది?

ఒక్కసారి పాస్‌వర్డ్ కొడితే మెయిలు, లైబ్రరీ, ఫీజులు, మార్కులు అన్నీ తెరుచుకునే ఏర్పాటే సింగిల్ సైన్ ఆన్. యూనివర్సిటీల్లో దీనికి పేరుపడ్డ సాఫ్ట్‌వేర్ క్యాస్. యేల్ యూనివర్సిటీలో షాన్ బేయర్న్ దీన్ని మొదలుపెట్టారు.  

క్యాస్‌లో లాగిన్‌కు గుర్తుగా ఇచ్చే ముఖ్యమైన టికెట్లు రెండు. పాస్‌వర్డ్ కొట్టగానే పుట్టే పెద్ద టికెట్, మామూలు సెట్టింగుల్లో, 8 గంటలకు మించి బతకదు. 2 గంటలు ముట్టకపోతే అంతకుముందే పోతుంది. దాన్ని చూపించి ఒక్కో అప్లికేషన్ కోసం తెచ్చుకునే చిన్న టికెట్‌కు 10 సెకన్లే ఆయుష్షు, అదీ ఒక్కసారే చెల్లుతుంది. సర్వర్ ఒక్కటే ఉన్నన్నాళ్లు రెండూ దాని మెమరీలోనే ఉంటాయి, గొడవ లేదు. ఒకటి పడిపోతే ఇంకొకటి ఆదుకోవాలని, అంటే హై అవైలబిలిటీ కోసం, రెండోది పెట్టిన రోజు నుంచే తిప్పలు.

చాలామంది, వచ్చినవాళ్లను రెండు సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌లో స్టికీ సెషన్ పెట్టేసి చేతులు దులుపుకుంటారు. బ్రౌజర్ ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పోతుంది, నిజమే. కానీ చిన్న టికెట్ అసలుదేనా అని అడిగేది బ్రౌజర్ కాదు, లైబ్రరీ సర్వర్. అది తన దారిన తాను వస్తుంది, బ్యాలెన్సర్ దాన్ని రెండో సర్వర్‌కు తోలొచ్చు. గుడిలో ఒక కౌంటర్లో టోకెన్ కొని ఇంకో కౌంటర్లో లడ్డూ అడిగినట్టు: అక్కడికి లెక్క చేరకపోతే చేతిలో టోకెన్ ఉన్నా లడ్డూ రాదు. అందుకే ఫిర్యాదులు కూడా "ఒకసారి వస్తది, ఒకసారి రాదు" అనే తీరులో ఉంటాయి. ఇంతకంటే విసిగించే ఫిర్యాదు ఈ పనిలో లేదు.

పది సెకన్లదే కదా అని చిన్న టికెట్‌ను తేలిగ్గా తీసుకుంటారు. ఆ పది సెకన్లలోపే రెండో సర్వర్ దాన్ని గుర్తుపట్టాలి గనుక అసలు జాగ్రత్త దానికే కావాలి. దాని కాపీ రెండో సర్వర్‌కు పంపి, అది "అందింది" అన్నాకే టికెట్‌ను బ్రౌజర్ చేతికివ్వాలి. పెద్ద టికెట్ కాపీ కాస్త ఆలస్యమైనా పర్వాలేదు. పోయినా మనిషి మళ్లీ పాస్‌వర్డ్ కొడతాడు, అంతే. లాగౌట్ సంగతి మాత్రం వేరు. నెట్ సెంటర్లో లాగౌట్ కొట్టి వెళ్లిన విద్యార్థి టికెట్ ఒక సర్వర్‌లో చచ్చి, ఇంకోదాంట్లో బతికుంటే, ఆ కుర్చీలో తర్వాత కూర్చున్నవాడికి పండగే.

ఈ లెక్కతో చూస్తే టికెట్లు దాచే క్యాష్‌ల తేడా తెలుస్తుంది. ఈహెచ్‌క్యాష్‌లో రెండు టికెట్లకు రెండు పద్ధతులు విడివిడిగా పెట్టుకోవచ్చు. రెడిస్ మామూలుగా ముందు జవాబిచ్చి తర్వాత కాపీ పంపుతుంది. హేజల్‌కాస్ట్ ఒక కాపీ ఇంకోచోట చేరేదాకా ఆగుతుంది. లైవ్‌జర్నల్ కోసం బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2003లో రాసిన మెమ్‌క్యాష్డ్ అయితే కాపీలే చేయదు. ప్రతి టికెట్ ఒక్కచోటే ఉంటుంది, రెండు క్యాస్ సర్వర్లూ అక్కడికే వెళ్లి అడుగుతాయి. కాపీయే లేనప్పుడు కాపీ ఆలస్యమన్న మాటే లేదు! ఒక మెషీన్ పోతే దాని టికెట్లు పోతాయి, కొందరు మళ్లీ లాగిన్ అవుతారు. మెమరీ నిండితే పాతవాటిని పారేస్తుంది గనుక ర్యామ్ ధారాళంగా ఇవ్వాలి. మధ్యరకం కాలేజీకి నా ఓటు దీనికే. ఇదేం హై అవైలబిలిటీ అని నవ్వేవాళ్లను నవ్వనీ.

ఇక సర్వర్లు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో లెక్క. 2023 జులై వానలకు హన్మకొండ కాలనీలు మునగడం చూసినవాళ్లెవరూ రెండు సర్వర్లనూ ఒకే గదిలో పెట్టరు. వేర్వేరు భవనాల్లో పెడితే మధ్యలో కేబుల్ తెగే భయం ఉంది. అప్పుడు రెండూ బతికే ఉంటాయి, ఎదుటిది చచ్చిందని దేనికది అనుకుంటుంది. కాపీలు చేసుకునే క్యాష్ అయితే, ఒకచోట వాడేసిన టికెట్ రెండోచోట కొత్తదిలాగే చెల్లొచ్చు. ఎక్కువ మెషీన్లు ఒప్పుకున్నదే నిజమని మెజారిటీతో తేల్చుకునే పద్ధతి వాడాలంటే మూడో మెషీన్ తప్పదు, రెండింటిలో మెజారిటీ ఎక్కడిది? పరీక్ష పెట్టేటప్పుడు అందరూ ఒక సర్వర్ కరెంటు తీసి చూస్తారు. నేను పిల్లలతో ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకించి, రెండువైపులా లాగిన్ అవ్వమంటాను.